మైదా లేని బిస్కెట్, అమ్మీ సాయంత్రపు చాయ్

అసర్ నమాజు ముగించుకొని నేను ఇంటికి చేరే వేళకు మా అమ్మీ మంచం మీద లేచి కూర్చొని ఉంటుంది. వయసు ఎనభై దాటింది. చూపు మందగించింది, నోట్లో పళ్లు నాలుగైదు మిగిలాయి. తక్కిన రోజంతా ఆమె ఏదీ అడగదు. పెట్టింది తింటుంది, ఇచ్చిన మాత్ర వేసుకుంటుంది, తస్బీహ్ తిప్పుకుంటూ పడుకుంటుంది. ఆ ఒక్క ఘడియ మాత్రం ఆమె సొంతం. కప్పులో పాలు చిక్కగా పోసిన, చక్కెర వేయని చాయ్, సాసరులో రెండు బిస్కెట్లు. బిస్కెట్టును సగం దాకా ముంచి, మనసులో మూడు లెక్కపెట్టి, తడిసిన ముక్క తెగి పడకముందే నోట్లో వేసుకుంటుంది. నా బాల్యం నుండి చూస్తున్న దృశ్యమిది. కర్నూలులోని మా ఇంట్లో మూడు తరాల పిల్లలు ఈ లెక్కను ఆమె దగ్గరే నేర్చుకున్నారు.

ఆ బిస్కెట్టే ఆమెకు హాని చేస్తున్నదని, దానిని తెచ్చిపెడుతున్నది స్వయంగా నేనేనని తెలియడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

అమ్మీకి మధుమేహం ఉన్నట్లు తేలి పదకొండేళ్లయింది. తేలిన రోజే మా ఇంటి చక్కెర డబ్బా పై అరకు ఎక్కింది. మిఠాయి మాన్పించాము. నేను బజారంతా తిరిగి, "షుగర్ ఫ్రీ" అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న బిస్కెట్లు వెతికి తెచ్చాను. మామూలు వాటికంటే ధర ఎక్కువైనా, తల్లి కోసమే గదా అని తృప్తిపడ్డాను. రెండేళ్ల క్రితం ఆమె కాళ్లలో తిమ్మిర్లు, రాత్రి పదే పదే దాహం మొదలయ్యాయి. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయిస్తే తొమ్మిదిన్నర వచ్చింది.

"ఆమె ఏమేమి తింటారో చెప్పండి" అని డాక్టరు గారు అడిగారు. ఒక రొట్టె, కూర, మజ్జిగ, తీపి ముట్టరని ధీమాగా చెప్పాను. బిస్కెట్ల మాట వస్తే షుగర్ ఫ్రీవేనని అన్నాను. అయితే ఆ పాకెట్టు ఒకటి తెచ్చి చూపమన్నారు. మరునాడు దాని కోసం అల్మారాలో వెతికితే కనిపించలేదు. అమ్మీ తలగడ కింద దొరికింది, సగం ఖాళీగా. రోజుకు ఎన్ని తింటున్నావని అడిగితే ఆమె నా ముఖంలోకి చూసి, "చక్కెర లేనిదే గదా బేటా, నువ్వే తెచ్చావు" అంది.

నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. కితాబు అంచున సన్నని అక్షరాలలో ఉండే హాషియాను వదిలి, మూలాన్ని మాత్రమే చదివి అర్థం చెప్పబోయే విద్యార్థిని మందలించేవాణ్ణి. అటువంటి నేను పాకెట్టు ముందున్న పెద్ద అక్షరాలను చదివి, వెనుకనున్న సన్నని అక్షరాలను ఒక్కసారైనా చూడలేదు.

పాకెట్టు వెనుక ఏముంది

ఆ సన్నని అక్షరాలలో మొట్టమొదటి మాట మైదా. పాకెట్టుపై పదార్థాల పేర్లను ఇష్టం వచ్చిన వరుసలో రాయరు. ఏది బరువులో అన్నింటికంటే ఎక్కువో అది ముందు, తక్కువైనది చివర. కాబట్టి మొదటి రెండు మూడు పేర్లు చదివితే ఆ వస్తువు ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది. రాగి బిస్కెట్, ఓట్స్ బిస్కెట్ అని పేరు పెట్టుకున్న చాలా వాటిలో కూడా మొదటి పేరు మైదా లేదా గోధుమపిండే అయి, రాగులు ఎక్కడో కింద స్వల్ప శాతంగా కనిపిస్తాయి.

మైదా 100 గ్రాములలో సుమారు 76 గ్రాములు పిండిపదార్థం, పీచు మూడు గ్రాములకు లోపు. పిండిపదార్థం కడుపులో విడిపోయి గ్లూకోజు అవుతుంది. పీచు తీసివేసిన మైదా విషయంలో ఈ పని మరింత త్వరగా జరుగుతుంది. నాలుకకు తీపి తగలనంత మాత్రాన రక్తానికి తగలకుండా పోదు. "షుగర్ ఫ్రీ" అనే మాట చక్కెరను గురించే చెబుతుంది. మైదాను గురించి అది మౌనం వహిస్తుంది. తీపి కోసం కొన్నింటిలో మాల్టిటాల్ వంటివి వేస్తారు. చక్కెర అంతగా కాకపోయినా అది కూడా రక్తంలో గ్లూకోజును కొంత పెంచుతుంది.

ఇక్కడే మన ఇళ్లలో తరచూ వినబడే మరొక మాట చెప్పుకోవాలి. చక్కెర వద్దంటే బెల్లం వేస్తారు, బెల్లం వద్దంటే తేనె, అదీ కాదంటే ఖర్జూరం. తేనె పట్ల, ఖర్జూరం పట్ల మనకున్న గౌరవం వేరు. మధుమేహం ఉన్నవారి పళ్లెంలో వాటి లెక్క వేరు. ఒక పెద్ద మెడ్జూల్ ఖర్జూరంలో సుమారు 18 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అది దాదాపు నాలుగు చెంచాల చక్కెరకు సమానం. ఖర్జూరం తినవద్దని నా మాటకు అర్థం కాదు. ఖర్జూరం ముద్దతో బిస్కెట్లు చేసి, "ఇవి షుగరున్న వారికి మంచివి" అని పెట్టడం మాత్రం తెలియక చేసే అపకారం.

డాక్టరు గారి మాట ప్రకారం బిస్కెట్లు ఆపేశాము. అమ్మీ ఏమీ అనలేదు. కానీ మూడవ రోజు నుండి చాయ్ కూడా వద్దంది. అసర్ తర్వాత అందరమూ వరండాలో కూర్చుంటే ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. అప్పుడు మా పెద్దమ్మాయి, "అబ్బా, దాదీకి మనం పెట్టగలిగినదే చేద్దాం, పిండి లేకుండా గింజలతో" అంది. పిండి లేని బిస్కెట్టేమిటని నేను నవ్వాను.

నవ్వవలసింది కాదు. బాదంను అరబ్బీలో లౌజ్ అంటారు. హైదరాబాదు మిఠాయి దుకాణాలలో దొరికే "బాదామ్ కీ లౌజ్" ఆ మాటే. 1226లో ముహమ్మద్ బిన్ హసన్ అల్ బగ్దాదీ కూర్చిన "కితాబుత్తబీఖ్" అనే వంట గ్రంథంలో "లౌజీనజ్" అనే బాదం మిఠాయి ఉంది. మొరాకోలో నేటికీ గోధుమపిండి కలపకుండా బాదం పొడి, గుడ్డు, చక్కెరలతో "గ్రీబా" కాలుస్తారు. గింజల పొడితో తీపి వంటలు చేయడం కొత్తదేమీ కాదు. మా అమ్మాయి చేయబోతున్నది అందులోని చక్కెరను కూడా తీసివేయడం. కష్టమంతా అక్కడే వచ్చింది.

మూడు వాయిలు చెడిన తరువాత

మొదటి వాయి మాడింది. మా ఇంటావిడ నాన్‌ఖతాయీ చేసే వేడిమీదే పెట్టింది. బాదంలో సగం బరువు నూనే. ఆ పొడి మైదా కంటే త్వరగా ఎర్రబడుతుంది. పైన తెల్లగా ఉండగానే అడుగు నల్లబడిపోయింది.

రెండవ వాయి రంగు చక్కగా వచ్చింది కానీ పళ్లెం నుండి తీయబోతే పొడి పొడిగా రాలిపోయింది. గోధుమపిండిని తడిపితే అందులో సాగే గుణం పుడుతుంది, పదార్థాన్ని వలలా పట్టి ఉంచుతుంది. గింజల పొడిలో ఆ గుణం లేదు. దానిని నిలిపేది గుడ్డు ఒక్కటే. పైగా వేడిగా ఉన్నంతసేపు అందులోని నెయ్యి కరిగే ఉంటుంది. కాబట్టి పొయ్యి మీది నుండి దించాక అరగంట చేయి పెట్టకూడదు. ఈ చిన్న మాట తెలియకనే చాలామంది గృహిణులు "మాకు కుదరలేదు" అని మానుకుంటారు.

మూడవ వాయి చూడముచ్చటగా వచ్చింది. అమ్మీ చేతికిచ్చాము. ఆమె అలవాటుగా చాయ్‌లో ముంచింది. ఒకటి అనేలోగా ముక్క విరిగి కప్పు అడుగుకు చేరింది. చెంచాతో తీసి తింటూ, "రుచి బాగుంది, ధైర్యం లేదు" అంది.

దానికి ధైర్యం పోసింది ఇసబ్‌గోల్. మలబద్ధకానికి వాడే ఆ పొట్టు పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. (ఫార్సీలో "అస్ప్" అంటే గుర్రం, "గోల్" అంటే చెవి, గింజ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు.) తడి తగిలితే అది జిగురుగా ఉబ్బి, పొడిని పట్టి ఉంచుతుంది. ఉన్నదంతా దాదాపు పీచే కనుక షుగరుకు చింత లేదు. దీనితో పాటు రస్కును కాల్చినట్లు రెండుసార్లు కాల్చడం మొదలుపెట్టాము. చక్కెర లేని బిస్కెట్టుకు కరకర రావడం కష్టం. రెండవసారి సన్నని సెగ మీద ఆరబెట్టడం వల్ల ఆ లోటు కొంత తీరుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో స్థిరపడిన కొలత ఇది. బాదం పొడి 200 గ్రాములు, ఇసబ్‌గోల్ రెండు చిన్న చెంచాలు, కరిగించి చల్లార్చిన నెయ్యి 50 గ్రాములు, ఒక గుడ్డు, పావు చెంచా ఉప్పు, అర చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా ఏలకుల పొడి. వెనీలా ఎసెన్సులలో చాలావాటికి ఆల్కహాలే ఆధారం గనుక మేము ఏలకులు లేదా దాల్చినచెక్కతోనే సరిపెట్టుకుంటాము. వాసన కూడా అదే మాకు నచ్చుతుంది.

బాదంను పొట్టుతోనే పొడి చేసుకోవచ్చు. పొట్టు వద్దనుకుంటే వేడినీళ్లలో ఒక నిమిషం వేసి, వేళ్లతో నొక్కి తీసి, గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి. మిక్సీని ఒకే బిగిన తిప్పితే నూనె దిగి ముద్దవుతుంది. కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పి, జల్లెడ పట్టాలి. మా అమ్మీ వంటి పళ్లు లేనివారి కోసం చేసేటప్పుడు జల్లెడ తప్పనిసరి, పలుకు తగలకూడదు.

పొడి దినుసులన్నీ ముందు కలిపి, గిలకొట్టిన గుడ్డును, నెయ్యిని చేర్చి చేత్తో దగ్గరకు తీయాలి. పొడిగా అనిపిస్తే ఒకటి రెండు చెంచాల పాలు చాలు. పావుగంట మూతపెట్టి ఉంచితే ఇసబ్‌గోల్ తడిని పీల్చుకుంటుంది. పదహారు ఉండలు చేసి, ఒక్కొక్కదాన్ని అర సెంటీమీటరు కంటే కొద్దిగా మందంగా అరచేతితో నొక్కాలి. చక్కెర ఉన్న బిస్కెట్లు వేడికి వాటంతట అవే పరచుకుంటాయి. ఇవి ఎట్లా పెడితే అట్లాగే ఉంటాయి. నొక్కడం మరిస్తే ఉండలే కాలుతాయి.

ఓవెన్ ఉన్నవారు 160 డిగ్రీల వద్ద పదిహేను నుండి పద్దెనిమిది నిమిషాలు, అంచులు లేత గోధుమరంగుకు తిరిగే వరకు కాల్చాలి. పూర్తిగా చల్లారాక, 130 డిగ్రీల వద్ద మరొక పదిహేను నిమిషాలు ఆరబెట్టాలి. మాకు ఓవెన్ లేదు. మందపాటి పాత దేగ్చీలో రాళ్ల ఉప్పును ఒక పొరగా పరచి, దానిపై ఇనుప స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేస్తాము. బిస్కెట్ల పళ్లేన్ని స్టాండు మీద దించాక మంటను పూర్తిగా తగ్గించి ఇరవై నుండి ఇరవై అయిదు నిమిషాలు ఉంచుతాము. ప్రెషర్ కుక్కరును నీళ్లు లేకుండా ఇట్లా వేడి చేయడం ఆ పాత్రకు మంచిది కాదు, దేగ్చీయే మేలు.

గుడ్డు పడనివారు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వాడవచ్చు. బిస్కెట్టు కొంచెం మెత్తగా వస్తుంది.

తీపి సంగతి. మేము మొదట స్టీవియా వేసి చూశాము. కొద్దిగా ఎక్కువైనా నాలుక మీద చేదు మిగులుతుంది. ఆస్పర్టేమ్ ఉన్న పొడులు వేడికి తీపిని కోల్పోతాయి. సుక్రలోజ్ వేడికి నిలుస్తుంది గానీ, పొడి రూపంలో అమ్మే వాటిలో బరువు కోసం మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు, అది మళ్లీ పిండిపదార్థమే. అక్కడ కూడా పాకెట్టు వెనుక చదవాలి. చివరకు తీపి మాట వదిలి, ఉప్పునే కొంచెం పెంచాము. ఉస్మానియా బిస్కెట్టుకు ఆ రుచి ఇచ్చేది తీపితో పాటు నాలుకకు తగిలే ఉప్పే గదా. ఆ బిస్కెట్టును మొదట ఉస్మానియా ఆసుపత్రిలోని రోగుల కోసమే తయారుచేశారని హైదరాబాదులో ఒక కథ చెప్పుకుంటారు. నేడు రోగికి మొదట మాన్పించేది దానినే.

బాదమా, బుడ్డలా?

పై కొలతను చదివి కొందరు సోదరీమణులు పెదవి విరిచి ఉంటారు. వారి ఆక్షేపణ న్యాయమైనదే. వారానికి 200 గ్రాముల బాదం కొనడం మదర్సా ఉపాధ్యాయుని జీతానికి కూడా భారమే. మొదటి నెల ఉత్సాహంతో కొన్నాము, రెండవ నెల కిరాణా చీటీ చూసి ఆలోచనలో పడ్డాము. మా ప్రాంతంలో దొరికేవి బుడ్డలు. తెలంగాణ వారు పల్లీలంటారు, పుస్తకాలలో వేరుశనగ. కర్నూలు, అనంతపురం నేలలో పుష్కలంగా పండే ఈ గింజలు బాదం ధరలో చిన్న భాగానికే వస్తాయి.

లెక్కలోనూ ఇవి బాదంకు తీసిపోవు. 100 గ్రాముల బాదంలో పిండిపదార్థం సుమారు 22 గ్రాములు. అందులో 12 గ్రాములు అరగని పీచే. వేరుశనగలో మొత్తం 16 గ్రాములు, పీచు ఎనిమిదిన్నర. మాంసకృత్తులు బాదంలో 21 గ్రాములైతే వేరుశనగలో 25. జీడిపప్పు మాత్రం వేరు. దానిలో పిండిపదార్థం 30 గ్రాములు, పీచు మూడు గ్రాములే. విందులకు సరే, ఈ పనికి అది తగదు.

బుడ్డలను దోరగా వేయించి, పొట్టు నలిపి, చెరిగి, పూర్తిగా చల్లారాకనే పొడి చేయాలి. వేయించిన వేడి మీద మిక్సీలో వేస్తే క్షణంలో ముద్దవుతుంది. నెయ్యి 40 గ్రాములు చాలు. ఏలకులకు బదులు వాము, కొద్దిగా జీలకర్ర వేస్తే ఖారా బిస్కెట్టు రుచి వస్తుంది. ఒక జాగ్రత్త అత్యవసరం. ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు వాసన ఉన్న గింజలను ఏరి పారవేయాలి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి చేటు చేస్తుంది, వేయించినా అది పూర్తిగా పోదు. చవకగా వస్తున్నదని పాత నిల్వను కొనడం ఇక్కడ తగదు.

పదహారు బాదం బిస్కెట్లలో పీచు పోగా మిగిలే పిండిపదార్థం ఒక్కొక్కదానికి ఒక గ్రాము పైచిలుకు. 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చక్కెరతో అంతే సంఖ్యలో నాన్‌ఖతాయీలు చేస్తే ఒక్కొక్కదానిలో పదిహేను గ్రాములు దాటుతుంది. కానీ శక్తి లెక్క చూస్తే మన బిస్కెట్టు ఒక్కటి నూరు కేలరీలకు పైనే. పిండిపదార్థం తక్కువంటే కొవ్వు తక్కువని కాదు. సాసరులో రెండు పెట్టాలి, డబ్బా ముందు పెట్టుకొని కూర్చోకూడదు. ఈ మాట నాకోసం కూడా రాస్తున్నాను. నా పొట్టను చూసి మా ఇంటావిడ డబ్బాను పై అరకు, చక్కెర పక్కకు మార్చింది.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ తీసుకునేవారు ఆహారంలో పిండిపదార్థాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. వృద్ధులలో ఇది మరింత అపాయకరం. డాక్టరుకు ముందు చెప్పి మందు మోతాదు సరిచేయించుకోవాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు గింజలు ఎన్ని తినవచ్చో అడిగి తెలుసుకోవాలి. అతిథుల ముందు పెట్టేటప్పుడు ఇవి గింజలతో చేసినవని చెప్పి పెట్టండి. వేరుశనగ, బాదం కొందరికి ప్రాణాంతకంగా పడవు, పైకి చూస్తే ఇవి మామూలు బిస్కెట్లలాగే ఉంటాయి. గాలి చొరని డబ్బాలో వారం నిలుస్తాయి. ఆ తరువాత గింజల నూనె కనరు వాసన వేస్తుంది కనుక ఎక్కువ చేస్తే ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది.

ఆరు నెలల తరువాత చేయించిన పరీక్షలో అమ్మీ సంఖ్య ఏడున్నరకు దిగింది. అది బిస్కెట్ల మహిమ అని నేను చెప్పను. డాక్టరు గారు మందు మార్చారు. మగ్రిబ్‌కు ముందు మా అమ్మాయి ఆమె చేయి పట్టుకొని వాకిట్లో నాలుగు చుట్లు నడిపిస్తున్నది. తలగడ కింద ఇప్పుడు తస్బీహ్ ఒక్కటే ఉంటుంది. నెల తిరగకముందే ఆమె మళ్లీ మంచం మీద లేచి కూర్చొని చాయ్ అడగడం మొదలుపెట్టింది.

బుడ్డల బిస్కెట్టు చాయ్‌లో మూడు లెక్కపెట్టేదాకా నేటికీ నిలవదు. అమ్మీయే లెక్క మార్చుకుంది. రెండు అనగానే పైకి తీస్తుంది. నిన్న సాయంత్రం మొదటిది తిని, రెండవది చేతిలో ఉంచుకొని, "బేటీ, ఈసారి వాము కొంచెం తగ్గించు" అని మనవరాలితో అంటున్నది.